రెండో పైపు

వగీహ్‌కి పెళ్ళి కాలేదు గానీ ఫ్యామిలీలు మాత్రం వందల్లో ఉన్నాయని ఆఫీసులో ఒక జోకు. జోకు పాతబడిపోయింది, అయినా కొత్తగా చేరిన ప్రతివాడూ తనే కనిపెట్టినట్టు ఒకసారి వేస్తాడు. భవనాలను ముందుగా కంప్యూటర్లో కట్టి చూసుకునే ఆ సాఫ్ట్‌వేర్‌లో కమోడో, ఏసీ యూనిట్టో, కరెంటు బోర్డో ఒక్కసారి పద్ధతిగా తయారుచేసి పెట్టుకుంటే, ఆ తర్వాత ఎన్ని భవనాల్లో కావాలంటే అన్నింట్లో దాన్నే తెచ్చి దించుకోవచ్చు. అలాంటి సరుకుని ఫ్యామిలీ అంటారు. మూలంలో ఒకచోట దిద్దితే, అది కూర్చున్న ప్రతిచోటా దానంతటదే దిద్దుకుంటుంది. మూలంలో చెడగొడితే ప్రతిచోటా చెడుతుంది. ఈ రెండో సంగతి శిక్షణ తరగతుల్లో ఎవరూ నొక్కి చెప్పరు.

మా కైరోలో దొక్కీ పేటలో, కింద ఫూల్ అనే చిక్కుడుగింజల కూర అమ్మే బండి, పైన పళ్ళ డాక్టరు, నడుమ షౌకత్ బే గారి ఇంజనీరింగ్ ఆఫీసు. ఆ ఆఫీసులో వగీహ్ పని ఇదే. పని అంటే పని కాదు, వ్రతం. విదేశీ కంపెనీల వెబ్‌సైట్లలో కమోడ్లు ఉచితంగా దొరుకుతాయి. చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి, మరమేకు గాడులతో సహా గీసిపెట్టి ఉంటాయి, పది తెచ్చి పెట్టుకుంటే కంప్యూటరు నీరసించి పడుకుంటుంది. వాటికి నీళ్ళు ఎక్కడ కలపాలో, మురుగు ఎటు పోవాలో, రిపేరుకొచ్చినవాడి మోకాళ్ళకి చోటుందో లేదో అడిగితే మాత్రం జవాబుండదు. అందుకని వగీహ్ అన్నీ సొంతంగా మొదటినుంచి చేసేవాడు.

ఈ శ్రద్ధ అతనికి పుట్టుకతో వచ్చింది కాదు, మదామ్ ఇనాయత్ నేర్పింది. నీళ్ళ పైపుల విభాగానికి ఆవిడ పెద్ద దిక్కు. పొట్టిగా, గుండ్రంగా ఉండేది, మెడలో ఎప్పుడూ తాడుతో కళ్ళజోడు వేలాడేది. ఆవిడ నోటికి షౌకత్ బే కూడా జడిసేవాడు. వగీహ్ మొదటిసారి కమోడ్ చేసి చూపించినప్పుడు ఆవిడ తెరని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏరా వగీహ్, ఇది మ్యూజియంలో పెట్టడానికా?"

"కాదు మదామ్, అన్నీ చూసే గీశాను."

"చూసి గీస్తే ఎలారా? కమోడ్ గీసేవాడు ఒకసారి దానిమీద కూర్చుని ఆలోచించాలి. కూర్చున్నావు. పని అయిపోయింది. ఇప్పుడేం చేస్తావ్?"

వగీహ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ నవ్వింది.

"శత్తాఫా ఏదీ, కడుక్కునే గొట్టం? ముస్లిమూ, కాప్టు క్రైస్తవుడూ, ఎవడైనా సరే, ఈ దేశంలో నీళ్ళు లేకుండా లేచేవాడు ఉన్నాడా? ట్యాంకుకి ఒక పైపు, కడుక్కోడానికి రెండో పైపు. నీళ్ళకి సిగ్గుండదు నాయనా, పల్లం కనిపిస్తే పోతాయి. సిగ్గంతా మనకే."

అలా రెండో పైపు పెట్టాడు. ఆ కమోడ్ ఆఫీసు సొత్తయింది. స్కూళ్ళకీ, బ్యాంకులకీ, హోటళ్ళకీ అదే వెళ్ళింది. ఎవరూ దాన్ని గురించి మాట్లాడలేదు, సరిగ్గా పనిచేసే కమోడ్‌కి అంతకన్నా గౌరవం ఉండదు.

ఎడారి రోడ్డు మీద ఆసుపత్రి పని వచ్చినప్పుడు కథ మారింది. తుంటి విరిగినవాళ్ళు, కాళ్ళు పడిపోయినవాళ్ళు మళ్ళీ నడక నేర్చుకునే ఆసుపత్రి అది. డబ్బు పెట్టేది విదేశీ దాతలు. వాళ్ళ తరఫున మన డ్రాయింగులు సరిచూడ్డానికి డెన్మార్క్ నుంచి హెడ్విగ్ అనే ఇంజనీరుని పెట్టారు. అక్కడి స్నానాలగదులు ఇటుకతో కట్టేవి కావు. గోడలు, పైపులు, కమోడ్‌తో సహా ఫ్యాక్టరీలో పెట్టెల్లా తయారై వస్తాయి, తెచ్చి వరసగా పేర్చుకోవడమే. ట్యాంకు కూడా గోడ లోపలే. డ్రాయింగులో ఏముంటే గోడలో అదే ఉంటుంది.

మీటింగు కంప్యూటర్ మీదే. తెర నిండా గడులు, గడికొక మొహం. షౌకత్ బే కొత్త టై కట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. మదామ్ ఇనాయత్ కంటి ఆపరేషన్‌కి సెలవులో ఉంది. వగీహ్ మోడల్ తిప్పి చూపిస్తున్నాడు, పక్కన కరెంటు పని చూసే కిరొలోస్ వేరుశనక్కాయలు తింటున్నాడు. పైకప్పులూ, ఏసీలూ, దీపాలూ అన్నీ గట్టెక్కాయి. అప్పుడు హెడ్విగ్ మెల్లగా అడిగింది.

"కమోడ్ పక్కన ఈ రెండో నీటి పైపు ఎందుకు?"

అడిగింది అంతే. వెక్కిరింపు లేదు, ఆశ్చర్యం లేదు. కానీ వగీహ్ మాట కోసం వెతుక్కున్నాడు. పైపుల వాలుకి ఇంగ్లీషు మాట తెలుసు, నీటి వత్తిడికి తెలుసు. దీనికి ఏమనాలి? అంత పెద్దవాళ్ళు, కాఫీ కప్పులు పట్టుకుని, తెల్ల గోడల ముందు కూర్చుని చూస్తుంటే, మేం ఇలా కూర్చుంటాం, తర్వాత ఇలా చేస్తాం అని చెప్పాలా?

అతనికి ఎప్పుడో జరిగినదొకటి గుర్తొచ్చింది. ఒకసారి శిక్షణ కోసం ఫారిన్ పంపారు. అక్కడ హోటల్లోనూ, ఆఫీసులోనూ కాగితమే. మనవాళ్ళందరూ చేసే పనే అతనూ చేశాడు, కోటు లోపల నీళ్ళసీసా పెట్టుకుని బాత్రూంకి వెళ్ళేవాడు. ఒకరోజు సీసా జారి కింద పడింది. అక్కడి కుర్రాడు తీసిచ్చి, "బాగా దాహమా?" అన్నాడు. "అవును, నాకు దాహం ఎక్కువ," అన్నాడు వగీహ్. అప్పట్నుంచి అక్కడున్నన్నాళ్ళూ ఆ మంచి కుర్రాడు కనిపించినప్పుడల్లా అతనికి నీళ్ళు తెచ్చిచ్చేవాడు. వగీహ్ తాగేవాడు.

తెర మీద మొహాలు ఎదురుచూస్తున్నాయి. షౌకత్ బే పైకప్పు కేసి చూశాడు. ఆయనకి తెలియకేం, ఆయనింట్లో అది బంగారు పూత పూసింది ఉంది.

"అది..." అన్నాడు వగీహ్, "పొరపాటు. పాత ప్రాజెక్టులోది, మిగిలిపోయింది. తీసేస్తాను."

హెడ్విగ్ ఒక్క క్షణం ఆగింది. "ఖాయమేనా?"

"ఖాయం."

బల్ల కింద కిరొలోస్ కాలితో ఒక్క తన్ను తన్నాడు. వగీహ్ పట్టించుకోలేదు. అక్కడికక్కడే కమోడ్ మూలం తెరిచాడు, రెండో పైపు కలిసే ముక్కుని చెరిపేశాడు, మళ్ళీ మోడల్‌లోకి దించాడు. ఆసుపత్రిలోని ప్రతి అంతస్తులో, ప్రతి గదిలో, ఆ ముక్కు కనుమరుగైంది. దిక్కులేకుండా మిగిలిన పైపులన్నీ ఒక్క వేటుకి ఏరి పారేశాడు. తెర మీద ఎవరో భేష్ అన్నారు.

"మెరుపులా చేశావు హబీబీ! ఆఫీసు పరువు నిలబెట్టావు," అని భుజం తట్టాడు షౌకత్ బే.

అందరూ వెళ్ళాక కిరొలోస్ శనక్కాయ తొక్కలు దులుపుకుంటూ అడిగాడు. "ఒరేయ్, నీకు మతిగాని పోయిందా? తుంటి విరిగిన ముసలివాళ్ళు ఏం పెట్టి కడుక్కోవాలి? నీ పరువు పెట్టా?"

"మళ్ళీ పెట్టేస్తాలేరా. పెట్టకపోయినా సైట్లో ప్లంబర్లు పెట్టరూ? ఎప్పుడూ పెట్టేది వాళ్ళేగా."

"ఆ గోడలు డబ్బాల్లా తయారై వస్తాయి కదరా, ప్లంబరు ఎక్కడ చెక్కుతాడు?"

"ఇన్షా అల్లా పెడతానన్నాగా!"

మా ఊళ్ళో ఇన్షా అల్లాలు రెండు రకాలు. దేవుడి మీద భారం వేసేది ఒకటి, మనిషి మీంచి భారం దింపుకునేది ఒకటి. వగీహ్ అన్నది రెండోది. నిజానికి పెడదామనే అనుకున్నాడు పాపం. కానీ మీటింగు తీర్మానాల్లో ఆ ప్రశ్న తీరిపోయిందని రాసేశారు. దాన్ని మళ్ళీ తెరవాలంటే హెడ్విగ్‌కి ఒక ఉత్తరం రాయాలి, ఆ పైపు పొరపాటు కాదు, అది ఫలానా పనికి అని. ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయడానికి కూర్చునేవాడు, టీ చల్లారిపోయేది, లేచి వేరే పని చూసుకునేవాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

డ్రాయింగులు ఫ్యాక్టరీకి పోవాల్సిన రోజు దగ్గరపడింది. షౌకత్ బే తొందరపెట్టి మదామ్ ఇనాయత్‌ని సెలవు మధ్యలోనే పిలిపించాడు. ఆవిడ నల్లకళ్ళద్దాలతో వచ్చింది. కాగితం మీద గీతలు ఇంకా అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయంది. మురుగు వాలులు వేలు పెట్టి తడుముతూ చూసింది, పెద్ద పైపులు చూసింది. కమోడ్ల కాగితం వచ్చేసరికి అలిసిపోయింది.

"ఏరా, నా కమోడ్లు బాగున్నాయా?"

వగీహ్ ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. హెడ్విగ్ లేదు, ఇంగ్లీషు లేదు, గదిలో ఇద్దరే.

"బాగున్నాయి మదామ్," అన్నాడు.

ఆవిడ సంతకం పెట్టింది.

ఆసుపత్రి లేచింది. మదామ్ ఇనాయత్ ఉద్యోగ విరమణ చేసింది. షౌకత్ బే కేకు కోయించి నాలుగు మాటలు మాట్లాడాడు, వగీహ్ కూడా మాట్లాడాడు, నా గురువు అన్నాడు, జనం చప్పట్లు కొట్టారు. మనసులో ముల్లు ఉండనే ఉంది గానీ ముల్లుతో కూడా మనిషి అలవాటుపడతాడు. సైట్లో ఎవరో ఒకరు చూసే ఉంటారు, ఏదో చేసే ఉంటారు అనుకున్నాడు. వెళ్ళి చూసుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

కొన్నాళ్ళకి మదామ్ ఇనాయత్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. కైరోలో ఆపరేషన్ అయ్యాక, షౌకత్ బే పెద్దమనసు చేసుకుని కొత్త ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడాడు. "మన ఆసుపత్రి! మన మదామ్‌కి కాకపోతే ఇంకెవరికి?" అని ఆఫీసంతా సంబరపడింది. వగీహ్ మాత్రం కంప్యూటర్ మీంచి తలెత్తలేదు.

ఆవిడ వెళ్ళిన వారంలోనే ఫోను చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"వగీహ్, ఒకసారి రా నాయనా. ఎవరికీ చెప్పకు."

సంత్రాలు కొనుక్కుని వెళ్ళాడు. ఆడవాళ్ళ వార్డు. తెల్లటి గోడలు, పెద్ద కిటికీలు, బయట ఇసక. అంతా అతను తెర మీద గీసినట్టే ఉంది, చూస్తే గర్వపడాల్సినంత బాగుంది. కానీ ప్రతి మంచం పక్కన ఒక ప్లాస్టిక్ సీసా నిలబడి ఉంది. కొన్నిటికి మూతలకి చిల్లులు పొడిచి ఉన్నాయి. అవి తాగడానికి కావని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కిటికీ పక్క మంచంలో మిన్యా ఊరి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, హజ్ చేసొచ్చింది కనక అందరికీ హగ్గా తఫీదా, ఎదురు మంచం ఆవిడతో మాట్లాడుతోంది. ఆవిడ మాట్లాడితే వార్డంతా వినాల్సిందే.

"ఎవడో దొర కట్టాడమ్మా దీన్ని! వాళ్ళు కాగితం జనం. ముసల్దానికి మళ్ళీ నడక నేర్పుతారంట, కడుక్కోడానికి మాత్రం చుక్క నీళ్ళివ్వరంట. కమ్మీ పట్టుకోడానికి ఒక చెయ్యి, సీసా పట్టుకోడానికి ఒక చెయ్యి, మరి కడుక్కోడానికి మూడో చెయ్యి మా ఆయన సమాధిలోంచి లేచొచ్చి ఇస్తాడా?"

ఎదురు మంచం ఆవిడ నవ్వింది. "ఇచ్చినా తీసుకోకు హగ్గా, ఆయన చేతులు బతికున్నప్పుడే పనికిరాలేదన్నావుగా."

అందరూ నవ్వారు. వగీహ్ మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. మదామ్ ఇనాయత్ నవ్వలేదు. అతన్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. బాగా చిక్కిపోయింది. కళ్ళజోడు మెడలో లేదు, బల్ల మీద ఉంది.

"చూశావా బాత్రూం?"

"లేదు మదామ్."

"చూడు. రెండో పైపు లేదు. ట్యాంకు గోడలో ఉంది, బయట వాల్వ్ లేదు, పైపు లాగడానికి దారి లేదు. నేను మొదటిరోజు లోపలికెళ్ళి చెయ్యి చాపితే గోడ తగిలింది. ఉత్త గోడ." ఆవిడ దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. "ఆరునెలల పిల్లప్పుడు మా అమ్మ కడిగిందేమోరా. ఆ తర్వాత ఇప్పుడు, ఈ వయసులో, ముక్కూమొహం తెలియని నర్సు పిల్ల కడుగుతోంది. ఆ పిల్ల మంచిది. మొహం అటు తిప్పుకుని కడుగుతుంది. నేనూ ఇటు తిప్పుకుంటాను."

వగీహ్ నేల చూస్తున్నాడు.

"దీనికి నేనే కారణం," అందావిడ.

అతను తలెత్తాడు. "మీరా?"

"సంతకం నాది కాదూ? కళ్ళు కనబడకుండా పెట్టాను. షౌకత్ తొందరపెట్టాడు, నేనూ గొప్పకి పోయి వచ్చాను. ఆ విదేశీయులు ఎప్పుడో తీసేసి ఉంటారు, నేను చూసుకోవాల్సింది. జీవితమంతా అందర్నీ తిట్టాను, నీకు బుద్ధుందా, నీకు కళ్ళున్నాయా అని. చివరికి నాకే లేవు." పక్క మంచాలకేసి చూపించింది. "వీళ్ళందరికీ చెప్పేశాను, కట్టింది దొర కాదు, నేనే, తప్పు నాదే అని. హగ్గా తఫీదా అయితే ఎవరో దొర చేసుంటాడు, నిన్ను అనను అంటుంది. నన్ను బాధపెట్టకూడదని దొరని తిడుతోంది. షౌకత్‌కి కూడా చెప్తాను. కానీ ముందు మందు చూడాలిగా. వాష్‌బేసిన్ కింద వాల్వ్ నుంచి గోడ మీదుగా సన్నపైపు లాగొచ్చు, చూడ్డానికి బావుండదు గానీ పనికొస్తుంది. నువ్వు అది గీసిపెట్టు. అందుకే పిలిచాను."

తేలు కుట్టిన దొంగ అరవలేడు. వగీహ్ అలాగే అన్నాడు. సంత్రాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఒలిచి ఇచ్చాడు కూడా. వస్తూ వస్తూ బాత్రూం తలుపు దాటాడు, లోపలికి చూడలేదు.

ఇంటికెళ్తే వాళ్ళమ్మ మొలోఖియా ఆకుకూర వండి పెట్టింది. ఇనాయత్ ఎలా ఉందిరా అనడిగింది. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే అని వాళ్ళమ్మ నమాజ్ తర్వాత రోజూ ఆవిడ పేరు తలుచుకుంటుంది. బాగానే ఉందమ్మా అని రెండు ముద్దలు తిని లేచాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన నోరు లేస్తుందా, లేవలేదు.

మర్నాడు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మదామ్ ఇనాయత్ గొంతు వచ్చింది. తప్పు తనదనీ, కళ్ళు బాగాలేకపోయినా సంతకం పెట్టాననీ, అందర్నీ క్షమించమనీ అంది. షౌకత్ బే గులాబీపువ్వులు పెట్టి, మీరు మాకు తల్లి లాంటివారు, పొరపాటు ఎవరికైనా సహజమే అని రాశాడు. తర్వాత మిగతావాళ్ళు వరసగా గుండెలూ, దణ్ణాలూ పెట్టారు. వగీహ్ ఏమీ పెట్టలేదు. బల్లకి అవతల కిరొలోస్ ఫోను పక్కన పడేసి అతనికేసి చూశాడు. ఎప్పుడూ ఊరుకోని ఆ నోరు ఆ పూట ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ బాత్రూంల తప్పుకి మందు ఖరారు చెయ్యడానికి మళ్ళీ మీటింగు పెట్టారు. మళ్ళీ అవే గడులు, ఆసుపత్రి డైరెక్టరు, దాతలు, హెడ్విగ్. షౌకత్ బే గొంతు సవరించుకున్నాడు.

"చాలా విచారకరం. మా నీళ్ళ విభాగం పెద్దావిడ, ఇప్పుడు రిటైరయ్యారు, అప్పట్లో ఆవిడ చూపు సరిగ్గా లేదు. ఆవిడ కంటపడలేదు. మానవ సహజం."

అందరూ తలలూపారు. అంతటితో అయిపోయేది. మదామ్ ఇనాయత్ పేరు మీద ఆ తప్పు రాసేసి, ఫైలు మూసి, భోజనాలకి వెళ్ళేవాళ్ళు.

"కాదు," అన్నాడు వగీహ్.

ఎవరో తనని వెనకనుంచి నెట్టారనుకున్నాడు, నెట్టినవాళ్ళు ఎవరూ లేరు. షౌకత్ బే అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. వగీహ్ ఆగలేదు. ఇంగ్లీషు తడబడింది, తడబడుతూనే చెప్పాడు.

"ఆవిడకి తెలియదు. తీసింది నేను. మీ ముందే తీశాను. మేం కాగితం వాడం, నీళ్ళతో కడుక్కుంటాం. ఆ పైపు అందుకు. నాకు తెలుసు, అయినా పొరపాటన్నాను. మీ అందరి ముందు చెప్పడానికి సిగ్గేసింది."

హెడ్విగ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అదెందుకో నాకు తెలుసు," అందావిడ. "మొరాకోలో ఏళ్ళ తరబడి పనిచేశాను. మా ఇంట్లో కూడా ఉంది. వాడిన నీళ్ళు వెనక్కి తాగేనీళ్ళలోకి రాకుండా దానికి ఒక వాల్వ్ పెట్టాలి. అది కనబడలేదు. అందుకని దేనికో మీ నోటితో నిర్ధారణ చేసుకుని, వాల్వ్ పెట్టమని చెబుదామని అడిగాను. మీరు పొరపాటన్నారు. ఖాయమేనా అని కూడా అడిగాను. ఖాయం అన్నారు. మీ దేశం గురించి మీకు నేను చెప్పడం బాగోదని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

వగీహ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టలేదు, నవ్వలేదు. అదే అతన్ని చితకబాదింది. ఎవరికి భయపడి దాచాడో ఆ మనిషికి ముందే తెలుసు, ఆవిడింట్లోనే ఉంది, ఆవిడ దానికి రక్షణ పెట్టమని చెప్పబోయింది. ఆవిడ కళ్ళల్లో తక్కువవుతామని, తన వాళ్ళ కింద నుంచి నీళ్ళు లాగేశాడు.

మీటింగు అయ్యాక షౌకత్ బే మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. వగీహ్ కమోడ్ మూలం తెరిచి రెండో పైపు మళ్ళీ పెట్టాడు, హెడ్విగ్ చెప్పిన వాల్వ్‌తో సహా. ఇంకా కాగితాల మీదే ఉన్న ఒక హాస్టల్ ఆ దిద్దుబాటుతో బతికిపోయింది. గోడ కట్టేసిన చోట మాత్రం ఏ మూలం తెరిచినా మారదు.

"పద, బండి ఉంది, దింపుతాను," అన్నాడు కిరొలోస్ తాళాలు ఆడిస్తూ. ఎక్కడికి అని అడగలేదు.

మదామ్ ఇనాయత్ దిండుకి ఆనుకుని కూర్చుంది. వగీహ్ మంచం పక్కన నిలబడే మొత్తం చెప్పాడు. దాహం అన్న అబద్ధం దగ్గర్నుంచి ఖాయం అన్న మాటదాకా. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.

"అయితే నా కళ్ళ తప్పు కాదన్నమాట."

"కాదు మదామ్."

"నేను సంతకం పెట్టేటప్పుడు నిన్ను అడిగాను."

"అడిగారు."

"బాగున్నాయన్నావు."

"అన్నాను."

ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. "వారం నుంచి నిద్ర లేదురా నాకు. ఇన్నేళ్ళూ చేసిన పనంతా తలుచుకుంటూ, ఇంకెక్కడ ఏం చూడకుండా వదిలేశానో అని ఒక్కో భవనం లెక్కపెట్టుకుంటున్నాను."

"నన్ను క్షమించండి మదామ్."

"నా సంగతి తర్వాత." ఆవిడ గొంతు ఒక్కసారి పాత గొంతయింది, డ్రాయింగు విసిరికొట్టే గొంతు. "ఈ ఆడవాళ్ళందరూ నన్ను క్షమించేశారు. హగ్గా తఫీదా నాకోసం దువా కూడా చేసింది. అది నాది కాదు, నేను ఉంచుకోను. వెళ్ళి నువ్వే చెప్పు. నాకు చెప్పినట్టు మొత్తం చెప్పు, నీళ్ళు నమలకుండా."

వగీహ్ వార్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇంగ్లీషులో కన్నా అరబ్బీలో చెప్పడమే కష్టమైంది. ఇది సొంత భాష, ఏ మాట వెనకా దాక్కోవడానికి లేదు. ఈ గదులు గీసింది తానేననీ, నీళ్ళు పెట్టిందీ తీసిందీ తానేననీ, బయటివాళ్ళు అడిగితే చెప్పడానికి సిగ్గేసిందనీ చెప్పాడు. త్వరలో వాష్‌బేసిన్ దగ్గర్నుంచి పైపులు లాగుతారనీ, అంతదాకా మన్నించమనీ అన్నాడు.

ఎదురు మంచం ఆవిడ ముసుగు సర్దుకుని గోడవైపు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. హగ్గా తఫీదా మాత్రం మోచేతి మీద లేచి అతన్ని పరీక్షగా చూసింది. కోపంగా చూడలేదు. ఏదో అర్థంకానిది తెలుసుకోవాలన్నట్టు చూసింది.

"నీకు అమ్మ ఉందా బాబూ?"

"ఉంది హగ్గా."

"ఆవిడ దేంతో కడుక్కుంటుంది?"

"నీళ్ళతోనే."

"మరి ఆవిడంటే కూడా సిగ్గేనా నీకు?"

వగీహ్ నోరు తెరిచాడు. కాదు అనడానికే తెరిచాడు, మాట రాలేదు. పెద్దావిడ జవాబు కోసం కాసేపు చూసింది. తర్వాత నిట్టూర్చి, లేవాలని నర్సుని కేకేసింది. నర్సు పిల్ల చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, మంచం పక్కనున్న సీసా తీసుకుంది.

"మీరు బయటికెళ్ళండి సార్," అంది, "ఆవిణ్ణి తీసుకెళ్ళాలి."

వగీహ్ బయటికొచ్చి నిలబడ్డాడు. లోపల తలుపు వేసుకున్నారు.